గడ్డి చెప్పే జాడ

పదకొండు దాటింది. పొద్దున చంద్రగిరిలో పిన్ని అడిగిన మాట ఇంకా వదల్లేదు. "డ్రోను ఎగరేస్తే సెప్టిక్ ట్యాంకు యాడుందో కనపడిపోతాదంట గదా?"

కనపడదు పిన్నీ. డ్రోనుకు వేడిని బొమ్మగా చూపే థర్మల్ కెమెరా పెట్టినా అది మట్టి లోపలికి చూడదు, నేల పైపొర వేడిని మాత్రమే చూస్తుంది. పగటి ఎండ కూడా అడుగు లోతుకు దిగేసరికి దాదాపు ఆరిపోతుంది. ట్యాంకు కప్పు బండ మీద జానెడు మట్టి ఉంటే తేడా తెలుస్తుంది. ఒకటిన్నర అడుగు పోసి ఉంటే ఎంత ఖరీదైన కెమెరాకైనా చూపడం కష్టమే.

మన వైపు దీనికి మంచి అదను డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజాము. ఇంటి వాడకం నీళ్ళతో ట్యాంకు వెచ్చగా, చుట్టూ మట్టి చల్లగా ఉంటాయి. వాన పడితే రెండు మూడు పొడి రోజులు ఆగాలి, తడి నేలంతా ఒకేలా అగుపిస్తుంది. 20, 25 మీటర్ల ఎత్తులో కెమెరాను నిట్టనిలువుగా కిందికి చూసేలా తిప్పి నెమ్మదిగా పోనివ్వాలి. ఏ వేడికి ఏ రంగో చెప్పే స్కేలును ఆటోలో, అంటే కెమెరా ఇష్టానికి, వదలకూడదు. వదిలితే పక్కింటి పేడదిబ్బే రంగులన్నీ లాగేసుకుంటుంది, నేల మీది ఒకటి రెండు డిగ్రీల తేడా మాసిపోతుంది. స్కేలు మొత్తాన్ని నాలుగైదు డిగ్రీల వెడల్పుకే బిగించి పెట్టాలి. పొద్దుగూకాక ఒకసారి, తెల్లారకముందు ఇంకోసారి ఎగరేయాలి. ఎండకు కాగిన సిమెంటు తెల్లారేసరికి చల్లబడుతుంది, ట్యాంకు వెచ్చదనం మాత్రం నిలుస్తుంది. అప్పుడు కూడా నీళ్ళ సంపును చూసి ట్యాంకు అనుకునే ప్రమాదం ఉంది.

చంద్రగిరి కాబట్టి సరే. రేణిగుంట విమానాశ్రయం ప్రహరీకి 8 కిలోమీటర్ల లోపలైతే అనుమతి లేకుండా నేల మీంచి లేపకూడదు. తిరుమల కొండ వైపు ఆ ఆలోచనే వద్దు.

నాకు అసలు మంట టైల్స్ మీద. వాకిలి అందంగా ఉండాలని ట్యాంకు మూతల మీద కూడా పరిచేస్తారు. మూత ఎక్కడుందో కొలిచేవాళ్ళు లేరు, మూసేముందు ఒక్క ఫోటో తీసేవాళ్ళు లేరు. ఏళ్ళ తర్వాత నీళ్ళు ఎగదన్నినప్పుడు, ట్యాంకు బండి వీధిలో నిలబడి ఉండగా, గడ్డపారతో నాలుగు చోట్ల పగలగొడతారు. పగిలిన టైలుకు జత బజారులో దొరకదు. ఇల్లు చేతులు మారితే ఇంకా ఘోరం.

తాత ఇంట్లో మేస్త్రీ పశువులపాక గోడ మీద బొగ్గుతో రాసిపోయాడు: "మూల నుంచి 9, బావి నుంచి 14." రెండు కదలని చోట్ల నుంచి రెండు కొలతలు. రెండు తాళ్ళు ఎక్కడ కలిస్తే అక్కడే మూత. ఆయనకు చదువు అంతంతమాత్రం, అంకెలు మాత్రం ముత్యాల్లా ఉండేవి. సంక్రాంతికి ఎవరో సున్నం కొట్టారు, అంకెలు పోయాయి. ఆ గోడ తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇంత రాశాక అనిపిస్తోంది, పిన్ని దొడ్డికి థర్మల్ అక్కర్లేదేమో. అక్కడ టైల్స్ లేవు, గడ్డే. కప్పు బండ మీద మట్టి పలచన కాబట్టి మార్చి, ఏప్రిల్‌లో అక్కడి గడ్డి ముందుగా ఎండుతుంది. ట్యాంకు నీళ్ళు పోయే ఇంకుడు గుంత మీద పచ్చగా నిలుస్తుంది. పైనుంచి మామూలు కెమెరాతో తీసినా ఎండిన చతురస్రం, దాని పక్కన పచ్చటి మచ్చ తెలిసిపోతాయి. 250 గ్రాముల్లోపు చిన్న డ్రోను చాలు. కనపడదని పొద్దున తెగేసి చెప్పాను, అది సగమే నిజం.

అయినా ఖాయం చేసేది ఇనుప కడ్డీయే. 12 మిల్లీమీటర్ల మందం, నాలుగడుగుల పొడవు, పైన అడ్డపిడి. బాత్రూం నుంచి నాలుగంగుళాల గొట్టం బయటికొచ్చే దిక్కు పట్టుకుని, అడుగుకొక పోటు. చేతి బలంతోనే దించాలి. సుత్తితో కొడితే గొట్టమో కరెంటు వైరో తెగుతుంది. పాత బండ మీద నిలబడకూడదు. లోపలి వాయువుకు ఊచలు తుప్పు పట్టి ఉంటాయి, కాలు కింద కూలుతుంది. మూత తీశాక మొహం పెట్టి తొంగిచూడకూడదు, అగ్గిపుల్ల గీయకూడదు. మనిషిని మాత్రం దింపనే దింపకూడదు. రక్షణ లేకుండా మనుషుల్ని దింపి శుభ్రం చేయించడాన్ని నిషేధించే 2013 చట్టం ఉన్నా ఇంకా దింపుతున్నారు, ప్రాణాలు పోతున్నాయి.

రేపు పిన్నికి ఫోన్ చేయాలి. మార్చి దాకా ఆగమని, మూత దొరికిన రోజే రెండు కొలతలు మీటరు పెట్టె తలుపు లోపలివైపు పెయింటుతో రాయించమని. సున్నం అక్కడిదాకా పోదు.