జేబులో పట్టే స్పేర్లు

రైఫిల్లో ముందు అరిగేది బ్యారెలే అనుకుంటారు చాలామంది, కానీ షూటింగ్ రేంజ్‌లో మనల్ని ఊరికే కూర్చోబెట్టేది మాత్రం గోరంత ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసును బయటికి లాగే కొక్కెం) స్ప్రింగే. పోయినసారి నాకదే అయింది. పేలిన తూటా ఖాళీ కేసు ఛాంబర్‌లోనే ఉండిపోయింది, వెనక నుంచి కొత్తది వచ్చి దాన్ని గుద్దుకుంది, ఇక ఆ రోజుకి అంతే. విప్పి చూస్తే స్ప్రింగ్‌లో పట్టే లేదు, వేలితో నొక్కితే ఎక్స్‌ట్రాక్టర్ మెత్తగా కదిలిపోతోంది.

ఏఆర్-15 రైఫిల్ వాడేవాళ్లైతే బోల్ట్ (తూటాను వెనక నుంచి మూసి పట్టే భాగం) మీదుండే 3 గ్యాస్ రింగులు (గ్యాస్ లీక్ కాకుండా ఆపేవి) కూడా చూసుకోండి. తుపాకీ ఖాళీ చేసి, క్యారియర్ (బోల్ట్‌ను పట్టుకుని ఉండే భాగం) బయటికి తీసి, బోల్ట్‌ను ముందుకు లాగి దాని మొహం మీదే నిలబెట్టండి. సొంత బరువుకే క్యారియర్ కిందికి జారిపోతే రింగులు అరిగినట్టే. (ఆ రింగుల చీలికలు ఒకే వరసలోకి రాకూడదని కొందరు తెగ కంగారు పడతారు, అంత టెన్షన్ అక్కర్లేదు.)

నా స్పేర్ల డబ్బాలో ఇప్పుడు ఎక్స్‌ట్రాక్టర్, దాని స్ప్రింగ్, ఫైరింగ్ పిన్ (తూటా వెనక కొట్టి పేల్చే సూది), రింగులు ఉంటాయి. చిన్న పిన్నులైతే రెండేసి, ఎందుకంటే అవి అరగడం కంటే గడ్డిలో పడి పోవడమే ఎక్కువ. స్పేర్ బోల్ట్ మాత్రం కొని పడేసి ఊరుకోకండి, మీ బ్యారెల్‌తో హెడ్‌స్పేస్ గేజ్ (బోల్ట్ మొహానికీ ఛాంబర్‌లో తూటా ఆనే చోటుకీ మధ్య దూరం సరిచూసేది) పెట్టి చూపించుకున్నాకే డబ్బాలో వేయండి.