స్వామివారికి తాత ఎవరు?

మా మనవడు బెంగళూరు నుంచి సెలవులకు వస్తే మా ఇద్దరికీ ఒక ఆట ఉంది. సాయంత్రం నాలుగున్నరకు తిరుపతి గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక అరుగు మీద కూర్చుంటాం. కుడివైపు నుంచి వచ్చే గుండ్లు వాడివి, ఎడమవైపు నుంచి వచ్చేవి నావి. గంధం పూసిన గుండుకు రెండు పాయింట్లు, ఉత్త గుండుకు ఒకటి. చంకలో పసిపిల్లతో సహా ఇంటిల్లిపాదీ గుండ్లతో వస్తే ఆ పూటకు ఆట గెలిచినట్టే. ఇందులో ఒక కిటుకుంది. స్టేషన్ వైపు నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంకా కొండకు పోవలసినవాళ్లు, వాళ్ల తల మీద జుట్టు ఉంటుంది. అందుకే వాడిని ఎప్పుడూ ఆ వైపు కూర్చోబెట్టేవాణ్ణి. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాడు రెండో తరగతి పిల్లాడి దగ్గర చేయవలసిన పని కాదనుకోండి. మూడో రోజుకు వాడు కనిపెట్టేశాడు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆట మధ్యలో గోవిందరాజస్వామి సంగతి వచ్చింది. ఆయన శ్రీనివాసుడికి అన్న అనీ, తమ్ముడి పెళ్లికి కుబేరుడిచ్చిన అప్పు తీర్చడానికి డబ్బు కొలిచి కొలిచి అలిసిపోయి, కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడనీ చెప్పాను. వాడు ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాడు. అమ్మ? పేరూరు బండ మీద వకుళమాత. పెండ్లాం? తిరుచానూరులో. మామ? నారాయణవనం ఆకాశరాజు. చెల్లెలు? తాతయ్యగుంట గంగమ్మ. మా ఊళ్లో ఎవరినడిగినా, సొంత మేనత్త కొడుకు సంగతైనా మర్చిపోతారు గానీ స్వామి చుట్టరికాలు తప్పరు.

"మరి తాత?"

ఆ పక్కనే నా వైపు నుంచి మూడు గంధం గుండ్లు వెళ్లిపోయాయి. నేను లెక్కపెట్టలేదు.

కొండ మీద దక్షిణ మాడవీధిలో ఒక చిన్న సన్నిధి ఉంది. దర్శనం అయిన ఊపులో, లడ్డూల హడావుడిలో చాలామంది దాన్ని దాటి వెళ్లిపోతారు. అది తిరుమలనంబిది. శ్రీశైలపూర్ణుడని ఇంకో పేరు. రామానుజులవారికి మేనమామ. స్వామి అభిషేకానికి రోజూ పాపవినాశనం నుంచి కుండతో నీళ్లు మోసుకొచ్చిన మనిషి. ఇప్పుడు బస్సులో పోతే అదెంత దూరం అనిపించదు. ముసలితనంలో, అడవిదారిలో, నెత్తిన నీళ్లకుండతో అంటే వేరే సంగతి.

ఒకనాడు దారిలో వేటగాడి వేషంలో ఒక కుర్రవాడు ఎదురై "తాతా, దాహం" అన్నాడు. నంబి ఇవ్వలేదు. ఇవి స్వామివి నాయనా, నీకివ్వకూడదు అన్నాడు. ముందుకు నడిచాడు. కుర్రవాడు వెనక నుంచి బాణంతో కుండకు చిల్లు పొడిచి, ధార కింద నోరు పెట్టి తాగేశాడు. కుండ తేలికైంది. నంబి ఏడుపు మొహం పెట్టాడు, మళ్లీ అంత దూరం పోవాలి గదా. "అంత దూరం ఎందుకు తాతా" అని ఆ పిల్లవాడు కొండకేసి ఇంకో బాణం వేస్తే ధార పడింది. అదే ఆకాశగంగ. గుడికి మూడు కిలోమీటర్లు, పాపవినాశనం కంటే దగ్గర.

ఈ కథ చెప్పేవాళ్లందరూ నంబి భక్తి దగ్గర ఆగుతారు. నాకు మాత్రం ఆ "ఇవ్వలేదు" దగ్గరే మనసు పట్టుకుంటుంది. మా ఊరి కథల్లో స్వామి చిన్నపిల్లాడై వచ్చినప్పుడల్లా పెద్దవాళ్లు కసురుకున్నారు. రామానుజుల శిష్యుడు అనంతాళ్వారు చెరువు తవ్వుతుంటే సాయానికి వచ్చిన పిల్లవాడి గడ్డానికి గునపం తగిలింది. ఆ గునపం ఇప్పటికీ మహాద్వారం దగ్గర గోడకు వేలాడుతోంది, స్వామి గడ్డానికి ఇప్పటికీ పచ్చకర్పూరం పెడుతున్నారు. నంబి దగ్గర అంత జరగలేదు, నీళ్లు లేవు పొమ్మన్నాడంతే. అయినా స్వామికి కోపం రాలేదు. కోపం ఎందుకొస్తుంది? ఇవ్వనంటే దొంగతనంగా తాగడం మనవళ్ల హక్కు.

నంబిని తలచుకునే శ్లోకంలో ఒక తమాషా ఉంది.

పితామహస్యాపి పితామహాయ
ప్రాచేతసాదేశఫలప్రదాయ
శ్రీభాష్యకారోత్తమదేశికాయ
శ్రీశైలపూర్ణాయ నమో నమః స్తాత్

రెండో పాదం, మూడో పాదం తేలికే. ప్రాచేతసుడంటే వాల్మీకి. ఆయన రామాయణంలోని సారాన్ని అందించినవాడు నంబి. శ్రీభాష్యకారులంటే రామానుజులు. కొండ దిగువన ఏడాదిపాటు ఆయనకు రామాయణం చెప్పిన గురువు నంబి. మొదటి పాదం మాత్రం లెక్క. పితామహుడంటే తాత, బ్రహ్మకు అది బిరుదు. అంటే నంబి బ్రహ్మగారికే తాత.

అరుగు మీద సుద్దముక్క లేదు, వేలితో గీసి చూపించాను. బ్రహ్మ విష్ణువు బొడ్డు తామరలో పుట్టాడు కాబట్టి విష్ణువు కొడుకు. విష్ణువు నంబిని తాతా అన్నాడు కాబట్టి నంబి బ్రహ్మకు... "ముత్తాత" అన్నాడు వాడు టక్కున. నిజమే, లెక్క ఒక మెట్టు ఎక్కువైంది. శ్లోకం తాత అంటోంది. నేను ఇంటికొచ్చి నిఘంటువు తీశాను. సంస్కృతంలో తాత అంటే తండ్రి. చిన్నవాళ్లను ముద్దుగా పిలవడానికీ అదే మాట, మనం కొడుకునీ నాయనా అన్నట్టు. ఆ లెక్కన స్వామికి తండ్రి, బ్రహ్మకు తాత, శ్లోకం సరిపోయింది. "అయితే స్వామి ఏ భాషలో పిలిచాడు?" అన్నాడు మనవడు. శ్లోకం చెప్పినాయన సంస్కృతంలో లెక్క వేసుకున్నాడు. కానీ అడవిలో దాహం వేసిన కుర్రవాడు సంస్కృతంలో అడుగుతాడా? తెలుగులోనూ తమిళంలోనూ తాత తాతే. నేను ముత్తాతకే ఓటు వేశాను.

మా వైపు నాయన నాయనను జేజినాయన అంటాం. పసిపిల్లలకు దేవుణ్ణి చూపించి జేజి అంటాం కదా, ఆ మాటే. మా జేజినాయన చంద్రగిరి దగ్గర స్వర్ణముఖి ఇసుకలో చెలమ తోడి, కావడితో ఇంటికి నీళ్లు మోసేవాడు. నేను వెనకే నడిచేవాణ్ణి. ఊగే బిందె అంచు నోటి ఎత్తుకు వచ్చేది. ఒకరోజు ఆగలేక, ఆయన చింతచెట్టు కింద దించినప్పుడు వెనక బిందెలో మూతి పెట్టి తాగేశాను. ఆయన భుజానికెత్తుకోగానే కావడి ముందుకు ఒరిగింది. తిరిగి చూశాడు. తిడతాడనుకున్నా. మళ్లీ దించి, "ముందు బిందెలో కూడా తాగు రా, సమం కావాల" అన్నాడు. కడుపులో చోటు లేదు. అయినా తాగించాడు. ఆ తర్వాత నేను ఎన్ని సమీకరణాలు బోర్డు మీద రాశానో గానీ, ఇటువైపు తీస్తే అటువైపు తీయాలన్నది ఆ చింతచెట్టు కిందే నేర్చుకున్నాను. ఎంగిలి నీళ్లు ఇంటికొచ్చాయి. మా జేజికి, అంటే నాయనమ్మకు, ఆయన చెప్పలేదు.

నేనంత మంచివాణ్ణి కాను. ఆ సెలవుల్లోనే ఒక శనివారం, ఇంట్లో చిన్న విగ్రహానికి అభిషేకం కోసం రాగిచెంబు తోమి నీళ్లు పట్టి పెట్టాను. వీధిలో క్రికెట్ ఆడి వచ్చి, "తాతా, దాహం" అన్నాడు వీడు. "ఇవి దేవుడికి, ఫ్రిజ్‌లో ఉన్నాయి పో" అన్నాను. తులసి కోసుకుని వచ్చేలోగా చెంబు సగమైంది. గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి. అరిచాను. వాడు బిత్తరపోయి, "దేవుడికి ఇంకా సగం ఉన్నాయి కదా తాతా" అన్నాడు. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినబడింది. "అరుగు మీద అంత కథ చెప్పారే!"

నాకేమీ కళ్లు తెరుచుకోలేదు. చెంబు మళ్లీ చింతపండు వేసి తోమి, కొత్త నీళ్లు పట్టే అభిషేకం చేశాను. అలవాటు అంత త్వరగా పోదు. కానీ పురుషసూక్తం చదువుతున్నంతసేపూ నంబి మాటే గుర్తుకొచ్చింది. రామానుజులు కొండెక్కి వస్తుంటే ఈ ముసలాయన తానే ప్రసాదం పట్టుకుని ఎదురు వెళ్లాడట. ఎవరైనా చిన్నవాణ్ణి పంపకపోయారా అని రామానుజులు నొచ్చుకుంటే, "నాలుగు మాడవీధులూ వెతికాను, నాకంటే చిన్నవాడు దొరకలేదు" అన్నాడట. స్వామి చేత తాతా అనిపించుకున్న మనిషి!

వైకుంఠ ఏకాదశికి పదకొండు రోజుల ముందు మొదలై 25 రోజులు ఆళ్వారుల పాశురాలు పాడే అధ్యయనోత్సవాల ముగింపులో కొండ మీద తన్నీరముదు అని చేస్తారు. అముదు అంటే అమృతం, తన్నీరు మంచినీళ్లు. ఆకాశగంగ జలాన్ని ఆచార్యపురుషులు మేళతాళాలతో, వేదఘోషతో ఊరేగింపుగా తెచ్చి మూలమూర్తికి సమర్పిస్తారు. దాహానికి నీళ్లు అడిగిన ఒక్క మాటకు ఒక పండుగ.

సెలవులు అయిపోయే ముందు వాణ్ణి కొండకు తీసుకుపోయాను. దక్షిణ మాడవీధిలో నంబి సన్నిధి ముందు నిలబెట్టాను. దండం పెట్టి, కాసేపు చూసి, "స్వామి అన్ని నీళ్లు తాగాడు కదా, ఈ తాతకు థాంక్స్ చెప్పాడా?" అన్నాడు.

"థాంక్స్ ఎందుకురా, బోరు వేసిచ్చాడు కదా."

బెంగళూరు పిల్లవాడు. కళ్లు పెద్దవి చేసి అడిగాడు.

"ఎన్ని అడుగుల్లో పడ్డాయి తాతా నీళ్లు?"