వైరస్ అదుపులోనే ఉంది, గుండె మొరాయించింది

నాకు హెచ్‌ఐవీ ఉందని తెలిసేనాటికి ఇంకా ముప్ఫై నిండలేదు. ఇప్పుడు యాభై ఎనిమిది. ఆ రోజుల్లో ముసలితనం గురించి నాతో మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరు. ఆ అవసరం వస్తుందని డాక్టర్లూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. పిల్లవాడు తన కాళ్ళ మీద తాను నిలబడేదాకా ఊపిరి ఉంటే చాలనుకునేదాన్ని. మోకాళ్ళ నొప్పులు, చత్వారం, తెల్ల వెంట్రుకలు, ఇవన్నీ వేరేవాళ్ళకు రాసిపెట్టినవి అనిపించేది.

మందులు బతికించాయి. 1996 ప్రాంతంలో మూడు రకాల మందులు కలిపి వాడడం మొదలయ్యాక ఈ జబ్బు తీరే మారిపోయింది. అవి నా దాకా రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. మొదట ఇచ్చిన మాత్రల్లో స్టావుడిన్ ఉండేది. ప్రాణం నిలబెట్టింది ఆ మందే, బుగ్గల్లో కొవ్వు కరిగించేసిందీ అదే. అరికాళ్ళు రాత్రంతా మండేవి, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేదాన్ని. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును క్రమంగా మాన్పించమని దేశాలకు చెప్పింది. కొన్నాళ్ళకు ఆ కాంబినేషన్ పనిచేయడం మానేస్తే రిటోనావిర్ ఉన్న రెండో వరుస మందులకు మార్చారు. అక్కడి నుంచి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకు అందనంత తక్కువకు పడిపోయింది, సీడీ4 అనే రక్షణ కణాల కౌంట్ పెరుగుతూ వచ్చింది. ప్రతిసారీ రిపోర్టు చూసి డాక్టర్ గారు "అంతా బావుందమ్మా" అనేవారు. వైరస్ సంగతి వరకూ ఆ మాట నిజమే.

యాభై నాలుగో ఏట ఒక తెల్లవారుజామున దవడ లాగుతున్నట్టుండి మెలకువ వచ్చింది. ఛాతీలో నొప్పి లేదు. దవడ, ఎడమ భుజం, వీపు మధ్యలో ఏదో బరువు. ఒళ్ళంతా చల్లటి చెమట, కడుపులో తిప్పడం. గ్యాస్ అనుకోవడానికి కారణాలన్నీ ఉన్నాయి. సిగరెట్ ముట్టినదాన్ని కాదు, షుగర్ లేదు, కొలెస్ట్రాల్ రిపోర్టు అంతకుముందే చూశారు, భయపడేంత ఏమీ లేదన్నారు. మా అబ్బాయి మాత్రం నా మొహం చూసి ఒక్క మాట మాట్లాడకుండా చెప్పులు తొడిగి బయటికి తీసుకొచ్చాడు. ఆడవాళ్ళకు గుండెపోటు తరచూ ఇలా దవడతోనో, వీపుతోనో, ఆయాసంతోనో మొదలవుతుందని నాకు తర్వాత తెలిసింది.

ఈసీజీ తీయగానే గుండెపోటు అన్నారు. వెంటనే యాంజియో చేయాలన్నారు. మందుల వివరాలు దాస్తే ప్రమాదం కాబట్టి, స్ట్రెచర్ మీద నుంచే చెప్పాను: నాకు హెచ్‌ఐవీ ఉంది, ఫలానా మాత్రలు వాడుతున్నాను, వైరస్ ఏళ్ళ తరబడి అదుపులో ఉంది అని. చివరి ముక్క ఎవరి చెవికీ ఎక్కలేదు. నా చెయ్యి పట్టుకుని సెలైన్ ఎక్కిస్తున్న అమ్మాయి ఆగిపోయి, వెళ్ళి ఇంకో జత గ్లౌజులు వేసుకుని వచ్చింది. ఫైలు చేతులు మారింది. యాంజియో చేసే ల్యాబ్ శుభ్రం చేసుకోవాలి కాబట్టి నన్ను లిస్టులో ఆఖరికి పెడతామని ఎవరో ఎవరితోనో అనడం నాకు వినిపించింది. గుండెపోటులో ప్రతి నిమిషానికీ కొంత కండరం చచ్చిపోతుంది. అడ్డుకునే ఓపిక నాకు లేదు. డ్యూటీ దిగిపోతున్న ఒక పెద్ద డాక్టర్ ఆ మాట విని వెనక్కి తిరిగి, "ప్రతి పేషెంటుకీ తీసుకునే జాగ్రత్తలే ఈమెకూ. ముందు ఈమెనే తీసుకెళ్ళండి" అని గట్టిగా అరిచారు. ఆయన లేకపోతే ఇది రాసేదాన్నే కాదేమో. ఒక్క మనిషి మంచితనం మీద ఇంత ఆధారపడాల్సి రావడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. వైరల్ లోడ్ అందనంత తక్కువున్న మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా కూడా వైరస్ అంటదని పెద్ద అధ్యయనాలు తేల్చి ఏళ్ళయింది. ఆ సంగతి ఆస్పత్రి గదుల్లోకి ఇంకా పూర్తిగా రాలేదు.

స్టెంట్ వేశారు. గండం గడిచింది అనుకున్నాను. డిశ్చార్జ్ కాగితంలో రక్తం గడ్డకట్టకుండా టికాగ్రెలార్ రాశారు, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ పెద్ద డోసులో రాశారు. ఆ కాగితం ఫొటో తీసి నా హెచ్‌ఐవీ డాక్టర్ గారికి పంపించాను. ఆవిడ నిమిషాల్లో ఫోన్ చేశారు. "అమ్మా, ఆ టికాగ్రెలార్ ఇంకో మాత్ర కూడా వేసుకోకండి. మీ కార్డియాలజిస్టుతో నేను మాట్లాడతాను." రిటోనావిర్ లివర్‌లో మందులను విరిచే ఎంజైమును అణిచేస్తుంది. దాంతో టికాగ్రెలార్ ఒంట్లో పేరుకుపోయి లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. అటోర్వాస్టాటిన్ కూడా అలాగే పేరుకుంటుంది, కండరాలు దెబ్బతింటాయి. టికాగ్రెలార్ బదులు ప్రాసుగ్రెల్ ఇచ్చారు, స్టాటిన్ డోసు తగ్గించారు. తర్వాత వైరస్ ఏ మందులకు లొంగడం లేదో చెప్పే రెసిస్టెన్స్ పరీక్షలు చూసుకుని, రిటోనావిర్ తీసేసి డొలుటెగ్రావిర్ ఉన్న మందులకు మార్చారు. గుండె డాక్టర్ తన పని బాగానే చేశారు, హెచ్‌ఐవీ డాక్టరూ చేస్తున్నారు. కానీ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి మధ్యలో నేను, నా ఫోను ఉండాల్సి వచ్చింది. వయసు మీదపడ్డ హెచ్‌ఐవీ పేషెంట్లకు ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క డాక్టరు ఉంటారు. ఆ మందులన్నీ కలిసేది మాత్రం మన ఒంట్లోనే.

కోలుకోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గుండెపోటు కన్నా ఆ తర్వాతి నెలలే నాకు కష్టమయ్యాయి. ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, పంపింగ్ నలభై శాతం దగ్గర ఉంది. మామూలుగా అది యాభైకి పైన ఉండాలి. ఎడమవైపు తిరిగి పడుకుంటే దిండులోంచి గుండె చప్పుడు వినపడేది. అది ఒకటి తప్పితే చాలు, లేచి కూర్చునేదాన్ని. స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టుకునేదాన్ని కాదు. గుండె కోలుకోవడానికి వ్యాయామాలు చేయించే రీహాబ్‌లో మొదటిరోజు ఆరు నిమిషాలు నడవమన్నారు. ఛాతీకి తీగలు అంటించి, పక్కన ఫిజియోథెరపిస్ట్ గడియారం పట్టుకుని నడుస్తున్నాడు. సగంలోనే కాళ్ళు వణికాయి. ఆయాసం వల్ల కాదు, భయంతో. "ఆగాలనిపిస్తే ఆగండి మేడమ్, మానిటర్ నేను చూస్తున్నాను" అన్నాడు. నన్ను ఇంకొకరు గమనిస్తున్నారు, గుండెకు కాపలా నేనొక్కదాన్నే కానక్కర్లేదు అన్న ఆ ఒక్క ధైర్యంతో మిగతా సగం నడిచాను. అతనికి నా హెచ్‌ఐవీ సంగతి తెలుసు. మామూలుగానే చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించేవాడు.

నెమ్మదిగా నడక పెరిగింది, నిద్ర వచ్చింది. డిప్రెషన్‌కు మందు వాడాను, కౌన్సెలింగ్‌కు వెళ్ళాను. గుండెపోటు తర్వాత కుంగిపోవడం చాలామందికి జరుగుతుందట, దాన్ని వదిలేస్తే గుండెకే చేటట. తర్వాతి ఎకోలో పంపింగ్ యాభై దాటింది. మాత్రల టైంటేబుల్ మటుకు ఇప్పటికీ ఒక లెక్కే. డొలుటెగ్రావిర్‌ను ఖాళీ కడుపుతో వేసుకుంటే కాల్షియం మాత్రకు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. లేదా రెండూ తిండితో కలిపి వేసుకోవాలి. లేకపోతే ఆ కాల్షియం మందును ఒంటికి పట్టనివ్వదు.

ఒళ్ళు కుదుటపడ్డాక ఒక ప్రశ్న పట్టుకుంది. నాకెందుకు? అలవాట్లు లేవు, రిపోర్టులు బావున్నాయి, వైరస్ అదుపులో ఉంది. హెచ్‌ఐవీ డాక్టర్ గారు ఓపికగా చెప్పారు. హెచ్‌ఐవీ ఒంట్లోకి వచ్చిన తొలి వారాల్లోనే పేగుల గోడల్లోని రక్షణ కణాలను పెద్ద ఎత్తున చంపేస్తుంది. ఆ గోడ తర్వాత పూర్తిగా బాగుపడదు. పేగుల్లోని బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి జారుతూ ఉంటాయి, రోగనిరోధక వ్యవస్థ వాటి మీద ఎప్పుడూ పోరాడుతూనే ఉంటుంది. మందులు వైరస్‌ను అణిచినా ఆ పోరాటం వల్ల ఒంట్లో పుట్టే ఇన్‌ఫ్లమేషన్ నివురుగప్పిన నిప్పులా ఉండిపోయి రక్తనాళాల గోడలను దెబ్బతీస్తుంది. అందుకే మాకు గుండెజబ్బులు వచ్చే అవకాశం మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు రెట్టింపు. గుండెజబ్బు ఎవరికి రావచ్చో అంచనా వేసే మామూలు రిస్క్ లెక్కలు ఈ సంగతి పట్టించుకోవు కాబట్టి మా ప్రమాదాన్ని తక్కువ చేసి చూపిస్తాయి.

ఇదంతా ఊహించి చెప్పింది కాదు. మనుషుల మీద ఏళ్ళ తరబడి చేసిన అధ్యయనాలతో తేలింది. 2006లో స్మార్ట్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. సీడీ4 బావున్నప్పుడు మందులు ఆపి, తగ్గినప్పుడు మళ్ళీ మొదలుపెడితే సైడ్ ఎఫెక్ట్స్ తగ్గుతాయేమో చూద్దామని 5,472 మందితో చేశారు. జరిగింది తలకిందులు. మందులు ఆపినవాళ్ళలో చావులు పెరిగాయి, గుండె, కిడ్నీ, లివర్ జబ్బులు కూడా పెరిగాయి. అదుపు తప్పిన వైరస్ గుండెనూ దెబ్బతీస్తుందని అప్పుడు గట్టిగా తెలిసింది.

నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించింది రిప్రీవ్ అనే అధ్యయనం. నలభై నుంచి డెబ్బై అయిదేళ్ళ మధ్య వయసున్న, హెచ్‌ఐవీ మందులు వాడుతున్న 7,769 మంది అందులో ఉన్నారు. 12 దేశాల వాళ్ళు, మూడో వంతుకు దగ్గరగా ఆడవాళ్ళు. మామూలు లెక్క ప్రకారం స్టాటిన్, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మందు, అక్కర్లేదనే మనుషులే, అచ్చం నాలాంటివాళ్ళే. కొందరికి పిటావాస్టాటిన్ ఇచ్చారు, కొందరికి మందు లేని మాత్ర ఇచ్చారు. హెచ్‌ఐవీ మందులతో పెద్దగా గొడవపడదని ఆ స్టాటిన్‌ను ఎంచుకున్నారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గడంతో 2023లో అధ్యయనాన్ని ముందే ఆపేశారు. షుగర్ వచ్చే అవకాశం కాస్త పెరిగింది, ఆ సంగతీ దాచకుండా చెప్పారు. ఆ ఫలితాలు నా గుండెపోటు తర్వాత వచ్చాయి. అవి ముందే వచ్చి ఉంటే అన్న ఆలోచన ఎన్నిసార్లు వచ్చిందో.

స్టాటిన్లు ఎప్పటి నుంచో ఉన్న మందులే. మాలాంటివాళ్ళకు పనికొస్తాయా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు రావడానికి ఎనిమిదేళ్ళ అధ్యయనం కావాల్సి వచ్చింది. దానికి డబ్బు ప్రధానంగా అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చింది. పాత మందుకు కొత్త ప్రశ్న వేసి, వేలమందిని ఏళ్ళ తరబడి చూడడానికి ప్రజల డబ్బు లేకుండా ఎవరు ముందుకొస్తారు? 2025లో అదే ఎన్‌ఐహెచ్ వందల సంఖ్యలో గ్రాంట్లు, అంటే పరిశోధనలకిచ్చే నిధులు, రద్దు చేసింది. వాటిలో హెచ్‌ఐవీ మీద, ఆరోగ్య అసమానతల మీద జరుగుతున్నవి చాలా ఉన్నాయి. ఏళ్ళుగా వస్తున్న మనుషుల రక్త నమూనాలు, రికార్డులు ఒకసారి తెగితే ఆ వరుసను మళ్ళీ అతికించలేం. పోయిన ఏడాదికి నా గుండె ఎలా ఉందో వచ్చే ఏడాది కొలవలేరు కదా.

లెక్కలోకి రాకపోతే ఏమవుతుందో మాకు కొత్త కాదు. హెచ్‌ఐవీ వచ్చే అవకాశం ఉన్న మగవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించే పెద్ద అధ్యయనం అమెరికాలో 1984లో మొదలైంది. ఆడవాళ్ళ కోసం అలాంటిది 1993కు గానీ రాలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఎయిడ్స్ నిర్వచనంలో చేర్చిందీ ఆ ఏడాదే. ఆ మధ్యకాలంలో ఎంతమంది ఆడవాళ్ళు జబ్బు పేరు కూడా తెలియకుండా పోయారో! ఇవాళ్టికీ పెద్దవాళ్ళలో హెచ్‌ఐవీ ఎంత శాతం అని చెప్పే అంకె మామూలుగా 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళది. నేను ఆ అంకెలో లేను. కానీ అమెరికాలో హెచ్‌ఐవీ నిర్ధారణ అయినవాళ్ళలో సగం మందికి పైగా యాభై దాటినవాళ్ళే. మందులు పనిచేసిన కొద్దీ అన్ని చోట్లా మా సంఖ్య పెరుగుతుంది. మెనోపాజ్ తర్వాత హెచ్‌ఐవీ ఉన్న ఆడదాని గుండె, ఎముకలు, జ్ఞాపకశక్తి ఏమవుతాయి? పేదరికం, ఒంటరితనం, వివక్ష కలిస్తే అవి ఎంత తొందరగా దెబ్బతింటాయి? వీటిమీద ఇంకా చాలా పని ఉంది.

అందుకే నేనూ ఒక అధ్యయనంలో చేరాను. యాభై దాటిన, హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్ళను కొన్నేళ్ళపాటు గమనిస్తారు. సమ్మతి పత్రం చాలా పేజీలుంది, కూర్చుని మొత్తం చదివాను. ఒకచోట, నిధులు ఆగితే అధ్యయనం మధ్యలోనే ముగియవచ్చు అని ఉంది. "మరి అప్పటిదాకా ఇచ్చిన రక్తం ఏమవుతుంది బాబూ?" అని అడిగాను. ఫ్రీజర్‌లో భద్రంగానే ఉంటుందండీ, కానీ పరీక్షించడానికి మళ్ళీ డబ్బు కావాలి అన్నాడు ఆ పత్రం ఇచ్చిన అబ్బాయి. సంతకం పెట్టాను. వచ్చే విడతలో ఎముకల స్కాన్, జ్ఞాపకశక్తి పరీక్ష ఉన్నాయి. ఆ రెండింటి మీదా నాకు చాలా సందేహాలున్నాయి, మర్చిపోకుండా అడగాలని కాగితం మీద రాసుకుంటున్నాను.