కాఫీ మరక మళ్లీ పైకి తేలింది

రాత్రి తడి మీద చూస్తే తివాచీ శుభ్రంగా ఉంది. తెల్లారేసరికి మరక మళ్లీ ప్రత్యక్షం! ఒళ్లు మండిపోయింది.

మిగతా మరకల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. నైలాన్ మ్యాట్ మీది బాల్‌పెన్ సిరా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి వదిలింది, కొవ్వొత్తి మైనం కాగితం, ఇస్త్రీపెట్టెతో పోయింది. ఇక పెద్ద తలనొప్పి ఈ కాఫీ గొడవే.

తివాచీ విల్టన్ నేత (కుచ్చును అడుగు నేతతో పాటే మగ్గం మీద నేసే రకం), మీగడ రంగు ఉన్ని. కుచ్చు, అంటే పైకి నిలబడే పోగుల ఎత్తు 12 మి.మీ., అడుగున జనపనార పేక (అడ్డపోగులు). మరక మొదట్లో 11 సెం.మీ. వెడల్పు. ఒక పాలు వెనిగర్, మూడు పాళ్లు నీళ్లు కలిపి అద్దితే మధ్యభాగం తేటపడింది. ఆరాక మాత్రం అంచు చుట్టూ సెంటీమీటరున్నర మందాన గోధుమరంగు వలయం. భూతద్దం పెట్టి కుచ్చు విడదీసి చూశాను. పోగుల కొసన 2 మి.మీ. మేర గోధుమరంగు, దాని కింద శుభ్రంగా మీగడ రంగు, పేకను ఆనుకున్న మొదట్లో మళ్లీ పసుపు. అడుగున ఇంకి ఉన్నది, తడి ఆరుతున్నకొద్దీ దీపపు వత్తి నూనె పీల్చినట్టు పైకెక్కింది. నీరు ఆవిరై పోయింది, రంగు కొసల మీద ఉండిపోయింది. తడీ పొడీ కలిసే అంచున ఆవిరయ్యే వేగం ఎక్కువ, అందుకే అది వలయంలా తేలింది.

ఇంతకీ అది కాఫీయేనా? సబ్బు మిగిలిందేమోనని తడి తెల్లగుడ్డతో నొక్కి చూశాను. నురగ లేదు, జిగట లేదు. అది కాదు. తర్వాత అనుమానం జనపనార మీదికి పోయింది. నార బాగా తడిస్తే తనలోని గోధుమరంగును వదిలి ఉన్నికి ఎక్కిస్తుంది. కాఫీ చుక్క పడని మూలలో 50 మి.లీ. మంచినీళ్లు పోసి, ఫ్యాన్ లేకుండా మెల్లగా ఆరనిచ్చాను. అక్కడా లేత వలయం వచ్చింది! కాఫీ దగ్గరిది ఇంకా ముదురు. కాబట్టి రెండూ కలిసే ఉన్నాయని నా లెక్క.

ఆ తర్వాత నీళ్లు పోయడం మానేశాను. అర లీటరు నీళ్లలో 5 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి, 30 మి.లీ. మాత్రమే స్ప్రే చేశాను. పైన నాలుగు మడతల తెల్ల తువ్వాలు, దాని మీద ప్లాస్టిక్ షీటు, ఆ పైన ఆరు కిలోల బరువు. కొసలకెక్కే రంగంతా తువ్వాలులోకే రావాలన్నది ఆలోచన. నిజంగానే తువ్వాలు మీద వలయం అచ్చు పడింది. తర్వాత ఫ్యాన్‌ని నేలకు సమాంతరంగా పెట్టి ఆరబెట్టాను. మరక సగానికి సగం తగ్గింది. పోలేదు.

వానిష్ ఆక్సీ లాంటి పొడులు నైలాన్, పాలిప్రొపిలీన్ మీద నాకు ఇష్టమే. ఉన్ని మీద మాత్రం ససేమిరా వాడను. అందులోని సోడియం పెర్‌కార్బనేట్ నీళ్లలో క్షారం అవుతుంది. క్షారం ఉన్నిని దెబ్బతీస్తుంది, కాఫీ గోధుమరంగును ఇంకా ముదురు చేస్తుంది. ప్రోటీన్లను విరగ్గొట్టే ప్రోటియేజ్ ఎంజైమ్ ఉన్న డిటర్జెంట్లూ వద్దు. ఉన్ని కూడా ప్రోటీనే కదా! బిస్సెల్ లాంటి స్పాట్ మెషీన్ (మరక మీద నీళ్లు చిమ్మి, వెంటనే పీల్చేసే చిన్న యంత్రం) కొనాలని చాలా ఉంది. అందులో నాకు కావలసింది నీళ్లు చిమ్మడం కాదు, పీల్చే బలం.

ఈసారి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని దూదిపుల్లతో కొసలకు మాత్రమే అద్దుతాను. వలయానికి రెండు సెంటీమీటర్ల దూరంలో ముదురు ఎరుపు అంచు ఉంది, అదే భయం. ముందు సోఫా కింద ఆ ఎరుపు మీద పరీక్షించాలి. దానికీ లొంగకపోతే, బాగా తుడిచి ఆరనిచ్చాక సోడియం మెటాబైసల్ఫైట్. ఒకటి ఆక్సీకరణం, ఇంకొకటి దానికి విరుద్ధం, మధ్యలో తుడిచి తీసేయకపోతే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఈలోగా మెట్ల మీది నైలాన్ రన్నర్‌కి అంటుకున్న తుప్పు మరక పని కూడా చూడాలి.