ఆన్‌లైన్లో యూఎస్ హిస్టరీ: గబగబా అవగొట్టేసే సబ్జెక్ట్ కాదు ఇది

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళిళ్ళల్లో మే నెల వచ్చిందంటే ఒకటే చర్చ, సమ్మర్లో పిల్లల చేత ఏ కోర్సు చేయించాలి అని. అందులో యూఎస్ హిస్టరీ పేరు రాకుండా ఉండదు. ఇక్కడ టెక్సస్‌లో అది మామూలుగా పదకొండో గ్రేడ్‌లో చదవాలి, సరిగ్గా ఆ ఏడాదే కాలేజీ స్థాయిలో ఉండే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఫిజిక్స్, కాల్‌క్యులస్, ఎస్‌ఏటీ అన్నీ నెత్తి మీదకొస్తాయి, హిస్టరీని ముందే ఆన్‌లైన్లో లాగించేస్తే ఒక పీరియడ్ ఖాళీ అవుతుంది కదా అని. మేమూ మా అమ్మాయిని అందుకే చేర్పించాం, ఆ లెక్కలో తప్పేం లేదు. కానీ పక్కన కూర్చుని ఆ పాఠాలు చూశాక ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది, ఈ ఒక్క సబ్జెక్ట్‌ని మాత్రం "ఎలాగోలా అయిపోతే చాలు" అన్నట్టు చేయించకండి, మన పిల్లల చేత అసలే వద్దు.

ముందు పనికొచ్చే విషయాలు చెప్పేస్తా. ఫీజు కట్టకముందే స్కూల్ కౌన్సెలర్ దగ్గర అప్రూవల్ తీసుకోండి, తర్వాత అడిగితే క్రెడిట్ కలుపుకోకపోవచ్చు. రెండు సెమిస్టర్లు, ఒక్కోదానికి అర క్రెడిట్. గ్రేడ్ జీపీఏలో కలుస్తుందా లేదా అన్నది స్కూల్ డిస్ట్రిక్ట్‌ని బట్టి మారుతుంది, అదీ అప్పుడే అడిగేయండి. గ్రాడ్యుయేషన్‌కి కావాల్సిన స్టార్ (టెక్సస్ రాష్ట్రం పెట్టే) పరీక్షల్లో యూఎస్ హిస్టరీ ఒకటి, కోర్సు ఆన్‌లైన్లో చేసినా ఆ పరీక్ష మాత్రం వెళ్ళి రాయాల్సిందే. ఇంకోటి, హైస్కూల్ కోర్సు 1877 నుంచి మొదలవుతుంది, దానికి ముందుదంతా ఎనిమిదో గ్రేడ్‌లో అయిపోయిందని వాళ్ళ ఉద్దేశం, కానీ పిల్లలకి అప్పటికి గుర్తుండదు. సివిల్ వార్, తర్వాత రాజ్యాంగానికి వచ్చిన 13, 14, 15 సవరణలు ఒకసారి తిరగేయించి మొదలుపెట్టించండి. ముఖ్యంగా 1868లో వచ్చిన 14వ సవరణ, ఇక్కడ పుట్టినవాళ్ళు ఇక్కడి పౌరులేనని చెప్పేది, అది లేకుండా మిగతా కోర్సు అర్థం కాదు.

ఇక కోర్సు సంగతి. చదవడానికి కొన్ని పేజీలు, ఓ వీడియో, చివర్లో క్విజ్, మధ్యమధ్యలో ఒక డిస్కషన్ పోస్ట్. క్విజ్‌లో అడిగినదానికి కంట్రోల్ ఎఫ్ కొడితే జవాబు అదే పేజీలో దొరుకుతుంది. అలా చేస్తే నూటికి తొంభై ఐదు వస్తాయి, బుర్రలో ఒక్క ముక్కా మిగలదు. అందుకని మేం ఇంట్లో ఒక రూల్ పెట్టుకున్నాం, ఒక్కో మాడ్యూల్‌కి ఆ కాలంనాటి అసలు కాగితం ఒకటి చదవాలి, ఉత్తరమో, కోర్టు తీర్పో, పాత పేపరో. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, నేషనల్ ఆర్కైవ్స్ సైట్లలో ఇవన్నీ ఫ్రీగా ఉంటాయి, పాత పేపర్లు స్కాన్ చేసి పెట్టారు, పేజీలకి పేజీలు.

దాంతో అసలు చదువు మొదలైంది. ఫ్యాక్టరీల మాడ్యూల్‌లో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ ఫ్యాక్టరీ ప్రమాదం గురించి రెండే రెండు లైన్లున్నాయి. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో జరిగింది, 146 మంది చనిపోయారు, ఎక్కువమంది వేరే దేశాల నుంచి వచ్చిన ఆడపిల్లలే, కొందరు మా అమ్మాయి ఈడువాళ్ళు. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకి తాళం వేసుంది, ఫైరింజన్ నిచ్చెనలు ఆరో అంతస్తు దాకానే అందాయి. "తాళం ఎందుకేశారమ్మా" అని అడిగింది. బట్ట ముక్కలు ఎత్తుకెళ్తారేమో, చెప్పకుండా వెళ్ళిపోతారేమో అని ఓనర్ల అనుమానం. కేసు నడిచింది, ఓనర్లకి శిక్ష పడలేదు, కానీ ఆ తర్వాత న్యూయార్క్‌లో ఫైర్ సేఫ్టీ చట్టాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇప్పుడు ఏ బిల్డింగ్‌కెళ్ళినా ఎగ్జిట్ తలుపు లోపల్నుంచి తోస్తే తెరుచుకుంటుందా లేదా అని చూస్తుంది మా పిల్ల.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఇమ్మిగ్రేషన్ మాడ్యూల్. వలసొచ్చేవాళ్ళని ఆపి తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్ ఉంది, ఏంజెల్ ఐలాండ్ ఉంది, చైనావాళ్ళని రానివ్వకుండా చేసిన 1882 చట్టం ఉంది. మనవాళ్ళ ఊసే లేదు. ఉండాల్సింది, ఎందుకంటే మనవాళ్ళూ అప్పుడే ఇక్కడున్నారు. భగత్ సింగ్ థింద్ అని ఒక పంజాబీ ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ఆర్మీలో చేరాడు, తలపాగాతో యూనిఫాంలో ఉన్న ఆయన ఫోటో దొరుకుతుంది, చూడండి. ఆయనకి పౌరసత్వం ఇచ్చారు, తీసేసుకున్నారు, మళ్ళీ ఇచ్చారు, చివరికి 1923 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నువ్వు తెల్లవాడివి కాదు కాబట్టి అర్హత లేదు అని తేల్చేసింది. ఆ తీర్పుతో అప్పటికే సిటిజన్లయిన మనవాళ్ళ దగ్గర్నుంచి కూడా వెనక్కి లాక్కోవడం మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో వైష్ణో దాస్ బగాయ్ అనే వ్యాపారి అలాగే అన్నీ పోగొట్టుకుని 1928లో ప్రాణం తీసుకున్నాడు. ఆయన భార్య కళా బగాయ్ పేరు ఇప్పుడు బర్క్‌లీలో ఒక వీధికి పెట్టారు.

అదే 1923లో, ఆ తీర్పొచ్చిన కొన్ని నెలలకి, మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ అని మనం మందుల్లో ఆయన చేసిన పనంతా గర్వంగా చెప్పుకుంటాం, ఆయన ఎలాంటి దేశంలోకి వచ్చారో మాత్రం చెప్పుకోం. చట్టప్రకారం ఆ రోజున ఆయన సిటిజన్ అయ్యే దారే లేదు. 1946లో చట్టం మార్చి ఆ దారి తెరిచారు, కానీ ఇండియాకిచ్చిన కోటా ఏడాదికి 100 మంది. 1948లో ఆయన పోయారు.

మరి మనందరం ఎలా వచ్చాం? 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం వల్ల, దానిమీద ప్రెసిడెంట్ జాన్సన్ అక్టోబర్ 3న స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ దగ్గర సంతకం పెట్టాడు. నల్లవాళ్ళ ఓటు హక్కు చట్టం వచ్చింది అదే ఏడాది ఆగస్టులో, దానికి ముందు ఏడాది సివిల్ రైట్స్ చట్టం. రంగునిబట్టి, పుట్టిన దేశాన్నిబట్టి మనిషికి విలువ కట్టడం తప్పని వాళ్ళు రోడ్లమీద దెబ్బలు తిని ఒప్పించిన కాలంలోనే మనకీ తలుపు తెరుచుకుంది. మాంట్‌గోమరీలో నల్లవాళ్ళని వేరుగా కూర్చోబెట్టే పద్ధతికి ఎదురుతిరిగి బస్సులెక్కకుండా 381 రోజులు నడిచిన ఆ జనాన్ని మన పిల్లలు క్విజ్‌లో ఆప్షన్ సి లాగా టిక్కు పెట్టి దాటేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఇక్కడ పుట్టిన మన పిల్లల పౌరసత్వం కూడా అంతే, 14వ సవరణ రాసింది బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళ కోసం, అది వలసొచ్చినవాళ్ళ పిల్లలకీ వర్తిస్తుందని 1898లో కోర్టుకెళ్ళి గెలిచింది శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే చైనా కుర్రాడు, వంటపని చేసుకునేవాడు.

ఈ మాడ్యూల్ చివర ఇంట్లోవాళ్ళని ఎవర్నైనా ఇంటర్వ్యూ చేసి ఎస్సే రాయమన్నారు. మా అమ్మాయి డెట్రాయిట్‌లో ఉన్న మా బాబాయికి ఫోన్ చేసింది, ఆయన 1970ల్లో గుంటూరులో ఎంబీబీఎస్ అయ్యాక వచ్చారు. "గ్రీన్ కార్డ్‌కి ఎన్నేళ్ళు పట్టింది చిన్నతాతయ్యా" అంటే, "ఎన్నేళ్ళేంటమ్మా, దిగేటప్పటికే చేతిలో ఉంది" అన్నారట. మా ఆయన ఇంకా క్యూలోనే ఉన్నారు. దేశానికింత అని పరిమితి కూడా ఆ 1965 చట్టంలోనే పెట్టారు, అప్పుడు ఇండియా లాంటి తూర్పు అర్ధగోళపు దేశాలకి ఒక్కోదానికి ఏడాదికి 20,000, ఇప్పుడు ఏడాది కోటాలో 7 శాతం. తలుపు తీసిందీ అదే, వరసలో నిలబెట్టిందీ అదే. చిన్నతాతయ్య మాటలు, వాళ్ళ నాన్న ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డ్ వరసలో చోటు చెప్పే తేదీ) రెండూ పెట్టి రాస్తోంది ఇప్పుడు, ఇచ్చిన పేజీలు సరిపోవట్లేదంటోంది. సెల్ఫ్ పేస్‌డ్ కోర్సే కాబట్టి ఇంకో రెండు వారాలు ఎక్స్‌టెన్షన్ అడిగాం, ఇచ్చారు.