ఎల్‌ఎల్‌ఎం వైవాలో నన్ను నిలదీసిన ఫుట్‌నోట్

నిన్న వైవా గట్టెక్కింది. గుండె దడ ఇంకా తగ్గలేదు.

ఫీజు, బైండింగ్, ప్లేజియరిజం సర్టిఫికెట్ వారంలో అయిపోయాయి. వాటి గురించి భయపడకండి.

నా టాపిక్ ఎమర్జెన్సీ అధికారాలు, జర్మన్ న్యాయ పండితుడు కార్ల్ ష్మిట్. ఎమర్జెన్సీలో ప్రాథమిక హక్కుల సస్పెన్షన్‌ని జర్మనీ వైమార్ రాజ్యాంగం (1919) నుంచి మన రాజ్యాంగంలోకి తీసుకున్నారని గ్రూప్స్‌కి చదివేవాళ్లందరూ బట్టీ కొడతారు. ఎమర్జెన్సీ అధికారాలిచ్చే ఆ రాజ్యాంగంలోని 48వ అధికరణానికి విస్తృతంగా భాష్యం చెప్పి అధ్యక్షుడి చేతికి ఆయుధంగా అందించినవాడు ష్మిట్. ఆయన జీవితం మీద 22 పేజీలు రాస్తే మా గైడ్ ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశారు. "ఇది లా థీసిస్సమ్మా, జీవితచరిత్ర కాదు." సరేనని ఫుట్‌నోట్‌లోకి నెట్టాను.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం సరిగ్గా ఆ పేజీయే తెరిచారు.

"1934 జూన్ 30న హిట్లర్ విచారణ లేకుండా మనుషుల్ని చంపించాడు. నెల తిరిగేసరికి ఈయనేం రాశాడు?"

"'చట్టాన్ని కాపాడేది ఫ్యూరరే' అని హిట్లర్‌ని సమర్థిస్తూ వ్యాసం, మేడం. ఆగస్టు 1న."

"ఇది ఫుట్‌నోట్‌లో పెట్టే విషయమా?"

గైడ్ వైపు చూశాను. ఆయన టీలో బిస్కెట్ ముంచుకుంటూ "నేను ముందే చెప్పాను మేడం, వినలేదు" అన్నారు. నలుగురి ముందు నోరు పెగల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గైడ్ చెప్పే ప్రతి మార్పూ కాగితం మీద సంతకంతో తీసుకోండి. మొహమాటపడితే నాలాగే నిలబడాల్సి వస్తుంది.

గొంతు సవరించుకుని వరసగా చెప్పాను. ష్మిట్ 1933 మే 1న నాజీ పార్టీలో చేరాడు. కొలోన్ యూనివర్సిటీలో యూదుడైన న్యాయశాస్త్ర ప్రొఫెసర్ కెల్సన్‌ని తీసేస్తే సహాధ్యాపకులు అర్జీ పెట్టారు, ఈయన మాత్రం సంతకం చెయ్యలేదు. 1936లో యూదు రచయితల్ని న్యాయశాస్త్రం నుంచి ఏరిపారేయాలని సభ పెట్టాడు. ఆ డిసెంబరులోనే నాజీల ఎస్‌ఎస్ దళం పత్రిక ఆయన్నే అవకాశవాది అంది. యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్‌లో ప్రశ్నించి, కేసు లేకుండా వదిలేశారు. 1985లో 96 ఏళ్లకు పోయాడు. ఏనాడూ పశ్చాత్తాపపడలేదు.

"అసాధారణ పరిస్థితిని నిర్ణయించేవాడే సార్వభౌముడని 1922లోనే అన్నాడు. అప్పటికి నాజీ కాదుగా?"

"మన ఎమర్జెన్సీ నాటి 1976 ఏడీఎం జబల్‌పూర్ తీర్పులో ఆ నలుగురు సుప్రీంకోర్టు జడ్జీలూ నాజీలు కారు మేడం. అయినా అక్రమంగా నిర్బంధించారని కోర్టుకి వచ్చే హక్కు లేదన్నారు. ఐదుగురిలో ఒప్పుకోనిది జస్టిస్ ఖన్నా ఒక్కరే. నిర్ణయించినవాణ్ని అడిగే దిక్కు లేకపోవడమే ఈ సిద్ధాంతంలో తప్పు."

మేడం తలూపి రాసుకున్నారు. ఆ జవాబు నాకెవరూ నేర్పింది కాదు.

పాస్. కాకపోతే రెండు వారాల్లో ఆ 22 పేజీలూ మెయిన్ టెక్స్ట్‌లోకి రావాలి. ఎర్ర గీతల ప్రింటవుట్ హాస్టల్ మంచం కింద అట్టపెట్టెలో దొరికింది. ఇందాకే టైపింగ్ మొదలుపెట్టాను.