హీత్రూలో దిగాక లండన్‌లోకి: కార్డు, రైలు, లగేజీ – నా అనుభవం

లండన్‌కి మొదటిసారి వచ్చేవాళ్లు వీసా కాగితాల గురించి నెలల తరబడి ఆరా తీస్తారు. ఊళ్లోకి ఎలా వెళ్లాలన్నది మాత్రం దిగాక చూసుకుందాంలే అనుకుంటారు. రాత్రంతా నిద్రలేక, చేతిలో రెండేసి పెట్టెలతో టికెట్ మిషన్ ముందు నిలబడి అప్పటికప్పుడు తేల్చుకోవడం చాలా కష్టం. హీత్రూ విమానాశ్రయం మీదుగా నేను వస్తూ పోతూ, వచ్చేవాళ్లను తీసుకొస్తూ గమనించింది ఇది: ఇక్కడ డబ్బు వృథా అయ్యేది గేటు దగ్గర పెట్టే కార్డు వల్ల, లేదంటే ప్లాట్‌ఫాం మీద ఎక్కే రైలు వల్ల. ఈ రెండింటి సంగతీ విమానం ఎక్కకముందే తేల్చుకోవచ్చు.

ముందు కార్డు. లండన్‌లో ట్యూబ్ (అక్కడి మెట్రో రైలు), బస్సు, ఎలిజబెత్ లైన్ రైలు దేనికీ విడిగా టికెట్ కొనక్కర్లేదు. కాంటాక్ట్‌లెస్ గుర్తున్న వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డుల్లో ఏదైనా పసుపు రంగు రీడర్ మీద పెడితే గేటు తెరుచుకుంటుంది. రూపే కార్డును నమ్ముకుని రావద్దు. మన దేశంలో ఇచ్చిన కార్డు అయితే ఇంకో మెలిక ఉంది. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన వల్ల కొత్త కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆపేసే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో వాటిని మనమే ఆన్ చేసుకోవాలి. చాలామంది విదేశీ వాడకం ఒక్కటే ఆన్ చేసి వస్తారు. అప్పుడు దుకాణంలో పిన్ కొడితే కార్డు పనిచేస్తుంది, ట్యూబ్ గేటు దగ్గర మాత్రం ఎర్ర లైటు వెలుగుతుంది. కారణం తెలియక కార్డే పాడైందనుకుంటారు. ఆ రెండో బటన్ కూడా ఇంటి దగ్గరే చూసుకోండి.

విదేశీ డబ్బు ముందే వేసుకునే ఫారెక్స్ కార్డు తెచ్చుకునేవాళ్లు పౌండ్లలో బ్యాలెన్స్ వేసుకోవాలి. గేటు దగ్గర కార్డు పెట్టగానే పూర్తి ఛార్జీ పడదు. రోజంతా తిరిగినదంతా లెక్కకట్టి ఒకేసారి తీసుకుంటారు. అప్పటికి కార్డులో సరిపడా డబ్బు లేకపోతే, మర్నాడు ఆ బాకీ తీరేవరకు ఏ గేటూ తెరుచుకోదు. నిన్న బాగా పనిచేసిన కార్డు ఇవాళ మొరాయించిందంటే మొదట చూడాల్సింది ఇదే.

ఒక మనిషికి ఒక కార్డు. దీనికి మినహాయింపు లేదు. భర్త కార్డు పెట్టి లోపలికి వెళ్లి, అదే కార్డు వెనక్కి అందిస్తే భార్యకు గేటు తెరుచుకోదు. అమ్మానాన్నలు వస్తుంటే ఇద్దరికీ వేరువేరు కార్డులు ఉండేలా చూడండి. లేనివాళ్లకు స్టేషన్లో ఆయిస్టర్ కార్డు, అంటే డబ్బు వేసుకుని వాడే లండన్ రవాణా కార్డు, కొనొచ్చు. కార్డు ఖరీదు తిరిగి రాదు, అందులో వేసిన డబ్బు మిగిలితే మాత్రం వస్తుంది. పదకొండేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లతో ఉంటే ట్యూబ్‌లోనూ ఎలిజబెత్ లైన్‌లోనూ ఉచితం, ఒక పెద్దకు నలుగురు పిల్లల దాకా. 11 నుంచి 15 ఏళ్ల వాళ్లకు ఆయిస్టర్ కార్డు కొని, స్టేషన్ సిబ్బందిని అడిగితే యంగ్ విజిటర్ రాయితీ ఎక్కిస్తారు. 14 రోజులపాటు సగం ఛార్జీ. అడగకపోతే ఎవరూ చెప్పరు, కార్డు మామూలుగానే పూర్తి ఛార్జీ లాగుతుంది.

లోపలికి వెళ్లేటప్పుడు పెట్టిన కార్డే బయటికొచ్చేటప్పుడూ పెట్టాలి. ఫోన్‌లో అదే కార్డు ఎక్కించుకున్నా, యంత్రం లెక్కలో ఫోన్ వేరు, కార్డు వేరు. ఫోన్‌తో లోపలికి, ప్లాస్టిక్ కార్డుతో బయటికి వస్తే రెండు సగం ప్రయాణాలుగా నమోదై, రెండింటి మీదా గరిష్ఠ ఛార్జీ పడుతుంది. బస్సులో మాత్రం ఎక్కేటప్పుడు ఒక్కసారి పెడితే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోవడం లేదు. చిల్లర ఇచ్చి ఎక్కుదామంటే కుదరదు.

ఇక దిగాక. హీత్రూలో ఇప్పుడు పనిచేసేవి 2, 3, 4, 5 టెర్మినళ్లు. ఒకటో టెర్మినల్ 2015లోనే మూసేశారు. హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చే బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఐదో టెర్మినల్‌కు, దుబాయ్ మీదుగా ఎమిరేట్స్ మూడుకు, దోహా మీదుగా ఖతార్ ఎయిర్‌వేస్ నాలుగుకు వస్తాయి. ఇది గుర్తుంచుకోవడం అవసరం, ఎందుకంటే రెండు, మూడు టెర్మినళ్లకు కలిపి ఒకే స్టేషన్. నాలుగుకు, ఐదుకు విడివిడి స్టేషన్లు. ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కు రైల్లో వెళ్లడానికి డబ్బు తీసుకోరు. బయట ఎదురుచూసే చుట్టం పొరపాటున వేరే టెర్మినల్‌లో ఉన్నా కంగారు పడక్కర్లేదు.

భారత పాస్‌పోర్టుకు ఆటోమేటిక్ గేట్లు లేవు, అధికారి కూర్చునే వరుసలోనే నిలబడాలి. విమానంలో ఇచ్చే ల్యాండింగ్ కార్డు 2019లోనే ఎత్తేశారు కాబట్టి నింపాల్సిన కాగితమేమీ లేదు. ఉండబోయే చోటి చిరునామా, తిరుగు టికెట్ మాత్రం కాగితం మీద చేతిలో ఉంచుకోండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఉండటం మామూలే. ఈ వరుస ఒక్కోసారి ఇట్టే కదులుతుంది, ఒక్కోసారి గంట దాటుతుంది. అందుకే విమానం దిగే సమయం నుంచి రెండు గంటల లోపు ఏ కోచ్ బస్సూ బుక్ చేయొద్దని నేను అందరికీ చెప్తాను. సామాను ట్రాలీలు ఉచితం, నాణెం వేయక్కర్లేదు. కస్టమ్స్‌లో మనవాళ్లు ఇరుక్కునేది తిండి దగ్గర. భారత్ నుంచి మాంసం, పాలతో చేసిన పదార్థాలు తేవడం నిషేధం. నువ్వుల నూనె ఆవకాయకు ఆ చిక్కు లేదు కానీ నెయ్యి సీసా, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి.

రైళ్లు మూడు రకాలు. పికాడిల్లీ లైన్ ట్యూబ్, ఎలిజబెత్ లైన్, హీత్రూ ఎక్స్‌ప్రెస్. ఎక్స్‌ప్రెస్ పావుగంటలో పాడింగ్టన్ చేరుస్తుంది, మధ్యలో ఎక్కడా ఆగదు, మూడింటిలో బాగా ఖరీదైనది ఇదే. హోటల్ పాడింగ్టన్ పక్కనే ఉంటే సరే, లేదంటే అక్కడ దిగి మళ్లీ ఇంకో రైలు ఎక్కాలి. అప్పుడు మిగిలిన సమయం కాస్తా మారడంలోనే పోతుంది. దీని ఛార్జీ రోజువారీ పరిమితి (దాని సంగతి కింద చెప్తాను) లెక్కలోకి కూడా రాదు. ఎలిజబెత్ లైన్ 2022లో నగరం మధ్యలోంచి తెరుచుకున్నాక ఎక్స్‌ప్రెస్ ఎక్కమని నేనెవరికీ చెప్పడం లేదు.

2025 మార్చి సవరణ ప్రకారం నగరం నడిబొడ్డుకు, అంటే ఒకటో జోన్‌కు, పికాడిల్లీ లైన్‌లో 5.80 పౌండ్లు, ఎలిజబెత్ లైన్‌లో 13.90 పౌండ్లు ఉండేది. హీత్రూ, ఒకటో జోన్ మధ్య ఏ వేళ వెళ్లినా రద్దీ వేళ ఛార్జీయే పడుతుంది. మధ్యాహ్నం దాకా ఆగితే తగ్గుతుందనుకోవద్దు. జోన్ 1లోకి అడుగుపెట్టకుండా హౌన్స్లో, హామర్‌స్మిత్ లాంటి చోట్ల దిగేవాళ్లకు ఈ నియమం వర్తించదు, వాళ్లకు తక్కువే పడుతుంది.

పైకి చూస్తే ఎలిజబెత్ లైన్ రెట్టింపు కన్నా ఎక్కువ. అయితే రోజుకు ఇంతకు మించి తీసుకోకూడదన్న పరిమితి ఒకటి ఉంది. జోన్ 1 నుంచి హీత్రూ ఉన్న జోన్ 6 దాకా అదే సవరణ ప్రకారం అది 16.30 పౌండ్లు ఉండేది. ఉదయం దిగి ఎలిజబెత్ లైన్‌లో వచ్చి, సామాను పడేసి, ఆ రోజే ఊరు చూడటానికి బయలుదేరితే, రాత్రి దాకా ఎంత తిరిగినా ఆ ధరల లెక్కన ఇంకా పడేది 2.40 పౌండ్లే. ఈ రోజు లెక్క తెల్లవారుజాము నాలుగున్నరకు మొదలై మర్నాడు అదే వేళకు ముగుస్తుంది. కాబట్టి ఉదయం దిగేవాళ్లకు ఎలిజబెత్ లైన్ అంత భారం కాదు. రాత్రి దిగి నేరుగా పడుకునేవాళ్లకు మాత్రం పికాడిల్లీనే చవక. పరిమితి దక్కాలంటే మళ్లీ అదే మాట: రోజంతా ఒకే కార్డు.

ధర పక్కన పెడితే, నేను పెట్టెలను బట్టి నిర్ణయిస్తాను. పికాడిల్లీ లైన్‌లో ఇప్పటికీ తిరిగేవి 1970ల నాటి రైళ్లు, ఇరుకు, ఏసీ ఉండదు, నగరం మధ్యకు సుమారు గంట. ఎలిజబెత్ లైన్ రైళ్లు వెడల్పు, ఏసీ ఉంటుంది, పాడింగ్టన్‌కు అరగంట, టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌కు ఇంకో ఐదారు నిమిషాలు. అన్నిటికన్నా ముఖ్యం, ఎలిజబెత్ లైన్ స్టేషన్లన్నిటిలో మెట్లు ఎక్కకుండా బయటపడే దారి ఉంది. పికాడిల్లీ లైన్‌లో గ్రీన్ పార్క్, కింగ్స్ క్రాస్, ఎర్ల్స్ కోర్ట్ లాంటి కొన్నిటికే లిఫ్టుల్లో పైదాకా వచ్చే వీలుంది. లెస్టర్ స్క్వేర్‌లో, సౌత్ కెన్సింగ్టన్‌లో 23 కిలోల పెట్టె మెట్ల మీద మోయాల్సిందే. ట్యూబ్ మ్యాప్‌లో స్టేషన్ పేరు పక్కన చక్రాల కుర్చీ బొమ్మ ఉందో లేదో చూసి దిగే స్టేషన్ ఎంచుకోండి. ఆ బొమ్మ నడవలేని వాళ్లకే కాదు, పెట్టెలున్న ప్రతివాళ్లకూ పనికొస్తుంది.

ఇప్పుడు ప్లాట్‌ఫాం. రెండు, మూడు టెర్మినళ్ల స్టేషన్లో ఎలిజబెత్ లైన్, ఎక్స్‌ప్రెస్ ఒకే ప్లాట్‌ఫాం మీదికి వస్తాయి. లోపలికి వచ్చేటప్పుడు కార్డు పెట్టిన గేటూ ఒకటే. ముందొచ్చిన రైలు ఎక్కేస్తే అది ఎక్స్‌ప్రెస్ కావచ్చు, పాడింగ్టన్‌లో బయటికొచ్చేటప్పుడు దాని ఛార్జీ పడుతుంది. బోర్డు మీద అబ్బీ వుడ్ లాంటి పేరు కనిపిస్తే ఎలిజబెత్ లైన్. నేరుగా పాడింగ్టన్ అని మాత్రమే ఉంటే ఆగండి, ఒకసారి అడిగి ఎక్కండి. ట్యూబ్ గేట్లు ఇక్కడ వేరే చోట ఉంటాయి, ఆ గందరగోళం దానికి లేదు.

మనవాళ్లు ఎక్కువగా చేరే చోట్లకు దారులు: ఈస్ట్ హామ్ వెళ్లాలంటే పికాడిల్లీ ఎక్కి హామర్‌స్మిత్‌లోనో బారన్స్ కోర్ట్‌లోనో దిగి, అదే ప్లాట్‌ఫాంకు అవతలి వైపు వచ్చే తూర్పు దిశ డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కండి. మెట్లు అక్కర్లేదు. ఇల్‌ఫర్డ్ అయితే ఎలిజబెత్ లైన్. ఎక్కింది అబ్బీ వుడ్ రైలైతే వైట్‌చాపెల్‌లో దిగి, అదే ప్లాట్‌ఫాం మీద షెన్‌ఫీల్డ్ వైపు రైలు కోసం ఆగాలి. మధ్యలో మారేటప్పుడు కనిపించిన ప్రతి రీడర్ మీదా కార్డు పెట్టొద్దు. దారికి అడ్డంగా గేటు ఉంటేనే పెట్టండి.

అర్ధరాత్రి దాటాక దిగితే, శుక్ర, శనివారం రాత్రుల్లో పికాడిల్లీ లైన్ తెల్లవార్లూ నడుస్తుంది, నాలుగో టెర్మినల్‌కు మాత్రం వెళ్లదు. మిగతా రాత్రుల్లో ఎన్9 బస్సు ఉంది, ఐదో టెర్మినల్ నుంచి నగరం మధ్యలోని ఆల్డ్విచ్ దాకా, 2025లో ఛార్జీ 1.75 పౌండ్లు. మొదటి బస్సు ఎక్కిన గంట లోపు ఇంకో బస్సు ఎక్కితే మళ్లీ డబ్బు పడదు. నెమ్మదిగానే వెళ్తుంది కానీ నమ్మదగినది. శని, ఆదివారాల్లో మరమ్మతుల కోసం లైన్లు మూసేస్తుంటారు. అందుకే బయలుదేరేముందు విమానాశ్రయం ఉచిత వైఫైలో ఆ రోజు రైళ్ల స్థితి చూడటం నేను ఎప్పుడూ మానను.

తిరుగు ప్రయాణంలో జాగ్రత్త పికాడిల్లీ లైన్ దగ్గరే. పడమరగా వెళ్లే రైళ్లు యాక్టన్ టౌన్ తర్వాత చీలిపోతాయి. రేనర్స్ లేన్, అక్స్‌బ్రిడ్జ్ అని ఉన్నవి హీత్రూకి రావు. అలాంటిది ఎక్కేసినా యాక్టన్ టౌన్‌లో దిగి మారొచ్చు. హీత్రూ రైళ్లలోనూ కొన్ని ఐదో టెర్మినల్‌కు, కొన్ని నాలుగు మీదుగా చుట్టి రెండు, మూడుకు వెళ్తాయి. నాలుగు దగ్గర రైలు కొన్ని నిమిషాలు ఆగిపోతుంది, చెడిపోయిందని దిగిపోవద్దు. ఆయిస్టర్‌లో పది పౌండ్లకు మించకుండా మిగిలితే స్టేషన్ మిషన్ దగ్గరే వెనక్కి తీసుకోవచ్చు. చుట్టాలు కార్లో దింపితే టెర్మినల్ ముందు ఆగినందుకు రుసుము పడుతుంది. అక్కడ కట్టే కౌంటర్ ఉండదు, వాళ్లు మర్నాడు అర్ధరాత్రిలోగా ఆన్‌లైన్‌లో కట్టాలి, లేదంటే జరిమానా ఇంటికొస్తుంది. దింపినవాళ్లకు ఈ సంగతి కారు దిగేటప్పుడే గుర్తుచేయండి.